అత్తయ్యకో వీధి తలుపు

ఒదాలిస్ మెర్కాదో స్కూటర్ దిగేసరికి దోన్యా బెనిల్డా ఇంటి ముందు వేసిన ఊగే కుర్చీలో అప్పటికే ఒక టై ఊగుతోంది.

ఏటి ఒడ్డు ఊరు మొంపోస్ ఎండలో మధ్యాహ్నం మూడింటికి టై కట్టుకున్నవాడు పెళ్ళికొడుకైనా అయ్యుండాలి, రాజధాని నుంచి దిగినవాడైనా అయ్యుండాలి. ఎక్కడా పెళ్ళి సందడి లేదు. ఒదాలిస్ హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టుని దాని మానాన వదిలేసి, ఆ రెండో రకంవాణ్ణి పలకరించింది.

"ఏం డాక్టరు గారూ, మా ఉక్కపోత ఎలా ఉంది?"

పెద్దావిడని దోన్యా అన్నట్టే, టై కట్టిన ప్రతివాణ్ణీ డాక్టరు గారూ అనడం ఆ దేశపు మర్యాద. ఒదాలిస్ నోట్లోంచి వచ్చేసరికి మాత్రం అది తిట్టులాగే ఉంటుంది. వెబ్‌సైట్లు బాగుచేసే కంపెనీ నడిపే లెయాండ్రో ఉర్దనేతాకి ఆ సంగతి బాగా తెలుసు. ఇదివరకు ఆమెతో రెండు కేసుల్లో తలపడి రెండుసార్లూ ముఖం మాడ్చుకుని వెళ్ళినవాడే.

"పోయిన వెబ్‌సైట్లని వెతికిపెట్టే డిటెక్టివ్ గారికి స్వాగతం," అన్నాడు నవ్వుతూ. "కాస్త ఆలస్యమైంది పాపం. నేరం తేలిపోయింది, నేరస్థుడూ దొరికాడు. ఐదింటికి దోన్యా బెనిల్డా సంతకం పెట్టేస్తే నేను పడవెక్కుతాను."

"ఇంకా రెండు గంటలుందిగా. అంతసేపు నన్ను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోమంటారా?"

పక్కనున్న బల్ల మీద సంతకానికి సిద్ధం చేసిన కాగితం ఉంది. ఏటి గాలికి ఎగిరిపోకుండా ఉర్దనేతా దాని మీద తన ఫోను బరువు పెట్టాడు. ఒదాలిస్ ఫోను కిందనుంచే రెండు వాక్యాలు చదివింది. హిలో దె లూనా అనే బెనిల్డా వెండి నగల దుకాణం వెబ్‌సైటు పేరూ, తాళాలూ, అంటే పాస్‌వర్డులూ, ఇకనుంచి ఉర్దనేతా కంపెనీ చేతిలో ఉంటాయి. నమ్మకద్రోహం చేసినందుకు యాయిర్ బెనావిదెస్ దుకాణం పనుల్లోంచి తప్పుకోవాలి.

యాయిర్, బెనిల్డాకి మేనల్లుడు. ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే ఆమే తెచ్చి పెంచింది. ఇప్పుడు వాడికి ముప్పై రెండు.

బెనిల్డా నల్ల కాఫీ కప్పులు పట్టుకుని బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. యాభై ఏళ్ళు వెండి తీగ పని చేసి చేసి బొటనవేళ్ళు శాశ్వతంగా నల్లబడిపోయాయి. కప్పులు ఆ కాగితానికి దూరంగా పెట్టింది.

"నా చేతి అన్నం తిన్నవాడే నా గొంతు కోశాడని రాసిన కాగితమమ్మా అది," అంది బెనిల్డా. "సంతకం పెట్టకపోతే దుకాణం మూతపడుతుంది. పెడితే వాడు పోతాడు. అందుకే ఇంకో మనిషి మాట కూడా విందామని నిన్ను పిలిపించాను."

"మంచిపని చేశారు. అసలేం జరిగిందో మీ నోటితో చెప్పండి."

చెప్పింది. దేశంలో ఏ మూల పెళ్ళికూతురైనా వెండి తీగ చెవిపోగులని వెతికితే హిలో దె లూనా మొదట కనబడేది. ఏళ్ళ తరబడి అంతే. మార్చి నుంచి జారడం మొదలై, ఇప్పుడు ఎంత కిందకి వెళ్ళినా కనబడటం లేదు. పనివాళ్ళలో సగంమంది ఇంటి దగ్గరే కూర్చున్నారు. అప్పుడు ఈ డాక్టరు గారు వచ్చి చూసి, ఒక్కో నగ వెనకా బెనిల్డా రాసుకున్న కథ ఉండేది కదా, ఆ కథలన్నీ లోపలి మనిషి ఎవరో చెరిపేశారని తేల్చాడు. సైటు తాళాలు యాయిర్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేవు.

"ఈయన్ని మీరే పిలిచారా?"

"లేదమ్మా. ఆయనే ఫోన్ చేశాడు. మీ దుకాణం కష్టాల్లో ఉన్నట్టుందే, సాయం చెయ్యమంటారా అని."

"అబ్బో," అంది ఒదాలిస్. "మా దగ్గరికైతే అంబులెన్సు కూడా పిలిస్తేగానీ రాదు."

"మంచి వృత్తి నిపుణుడికి వాసన తెలుస్తుంది మేడం," అన్నాడు ఉర్దనేతా.

"కథల సంగతి మీరు బాగా పరిశీలించారా?"

"నేను దుకాణం పేజీలు చూశాను. కథలు ఉండాల్సిన చోటికి వెళ్తే పేజీ లేదు అని వచ్చింది. అంతవరకే. ఇంకెక్కడికీ వెళ్ళలేదు, వెళ్ళాల్సిన పనీ లేదు."

ఒదాలిస్ ఆ మాటని మనసులో ఒక మూల దాచుకుని, కాఫీ ఒక్క గుక్కలో తాగేసి లోపలికి నడిచింది.

యాయిర్ కార్ఖానా గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, పట్టకారుతో ఉత్తి తీగముక్కని మెలిపెడుతున్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"నేను చెరపలేదు మేడం."

"అడగకముందే జవాబు చెప్పేవాళ్ళంటే నాకు భలే ఇష్టం. కూర్చో. కథలు ఎక్కడున్నాయి?"

యాయిర్ నీళ్ళు నమిలాడు. "ఉన్నాయి. ఈ కంప్యూటర్లో దాచాను. ఒక్కటి కూడా పోలేదు."

"మరి ఆ మాట మీ అత్తకి చెప్పడానికేం?"

"చెప్తే మొత్తం చెప్పాలి."

"మొత్తమే చెప్పు. బయట ఒకాయన కాగితం పట్టుకుని కూర్చున్నాడు, నీకేమైనా తీరిక ఉందనుకుంటున్నావా?"

వాడు తలుపు వైపు చూశాడు. బెనిల్డా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇక దాచి లాభం లేదని వాడికీ అర్థమైంది.

"మా ఇంటికి వీధివైపు ఎన్ని తలుపులున్నాయో చూశారా మేడం?"

"అయిదు. సత్రమనుకున్నాను మొదటిసారి వచ్చినప్పుడు."

"మా ఇంట్లో డెబ్బై నిండినవాళ్ళకి వీధివైపు సొంత తలుపు కొట్టిస్తాం. తాతకొకటి, నానమ్మకొకటి, చిన్నతాతలకి... అలా అయిదు. ఆ తలుపు తట్టకుండా ఇంకెవరూ లోపలికి రాకూడదు. అదీ మా మర్యాద. ఫిబ్రవరిలో అత్తకి డెబ్బై నిండాయి. చూస్తే గోడలో చోటు లేదు. మేస్త్రీ ఇంకో కన్నం కొడితే ముందు గోడంతా కూలుతుందన్నాడు." వాడు పట్టకారు కింద పెట్టాడు. "అందరికీ ఇచ్చి అత్తకి లేకుండా ఎలా? అందుకని సైట్లో ఇచ్చాను."

గుమ్మంలో బెనిల్డా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒదాలిస్‌కి కళ్ళకి కట్టినట్టు అర్థమైంది. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుంది.

"అంటే ఇదివరకు కథలు సైటు పేరు తర్వాత ఏటవాలు గీత పెట్టి, ఆ గీత తర్వాత ఉండేవి. ఇంట్లో ఒక గదిలాగా. ఫోల్డర్."

"అవును."

"నువ్వు వాటిని తీసి సైటు పేరుకి ముందు పెట్టావు. కథలు, చుక్క, హిలో దె లూనా. సబ్‌డొమైన్."

"ముందు అత్త కథలే ఉండాలనిపించింది. వెనకాల ఎక్కడో గదిలో కాదు, ముందు. సైట్లకి చోటిచ్చే వేరే కంపెనీ దగ్గర మంచి బొమ్మలతో కట్టించాను. ఆరు నెలలు ఉచితం అన్నారు." యాయిర్ తల గోక్కున్నాడు. "గదైనా తలుపైనా మాకు ఒకటేనని సెర్చ్ ఇంజన్ వాళ్ళే చెప్తారు కదా. చదివే చేశాను."

"చెప్తారు. అందులో అబద్ధమూ లేదు. కానీ వీధిలో కొత్తగా నడిచేవాడికి మీ అయిదు తలుపులూ అయిదు ఇళ్ళలాగే కనబడతాయా లేదా? లోపల పెరడు ఒకటేనని వాడికి ఎలా తెలియాలి? లోపలి దారి చూపించాలి. పాత చిరునామాల దగ్గర 'ఇటు మారాం, రండి' అని మళ్ళింపు పెట్టావా?"

"...లేదు."

"దుకాణంలోంచి కథలకి, కథల్లోంచి దుకాణానికి లింకులు?"

"తర్వాత పెడదామనుకున్నాను."

"పప్పులో కాలేశావు నాయనా. పత్రికలవాళ్ళూ కాలేజీలవాళ్ళూ పెళ్ళికూతుళ్ళూ ఇన్నేళ్ళుగా లింకు ఇచ్చిందంతా ఆ కథలకి. వాటి పరపతి మీదే మీ చెవిపోగులు పైన నిలబడ్డాయి. నువ్వు అత్తకి వీధి తలుపు పెట్టి, లోపలి తలుపుకి ఇటుకలు పేర్చేశావు. దుకాణం ఒంటరిదైపోయింది. కొత్త తలుపేమో ఊరూ పేరూ లేని కొత్త ఇల్లయిపోయింది."

యాయిర్ చేతిలో తీగముక్క ఎప్పుడో విరిగిపోయింది.

"అయితే వాడు చెరపలేదన్నమాట," అంది బెనిల్డా నెమ్మదిగా.

"లేదండీ. పుట్టినరోజు కానుక ఇచ్చాడు. అదే కొంప ముంచింది." ఒదాలిస్ మళ్ళీ యాయిర్ వైపు తిరిగింది. "ఉచితం గడువు అయ్యాక?"

"ఎవరూ రావడం లేదు కదా అని ఖాతా మూసేశాను. పోయిన నెల."

"పేరు?"

"పేరేంటి?"

"ఆ పేరు టైప్ చేసినవాణ్ణి ఆ కంపెనీ యంత్రం వైపు పంపే వరస ఒకటి మీ సైటు సెట్టింగుల్లో రాసి ఉంటుంది కదా. అది తీసేశావా?"

యాయిర్ కళ్ళు తేలేశాడు. ఒదాలిస్ జవాబు కోసం ఆగకుండా కీబోర్డు తన వైపు లాక్కుని ఆ చిరునామా టైప్ చేసింది. పేజీ తెరుచుకుంది. పసుపు రంగు మీద సుత్తి బొమ్మ, కింద రెండు ముక్కలు: మరమ్మత్తు జరుగుతోంది, త్వరలో కలుద్దాం.

"ఇది పెట్టింది నువ్వేనా?"

"కాదు మేడం. కంపెనీవాళ్ళే పెట్టారనుకున్నాను. రోజూ ఇదే వస్తోంది. కథలేవని అత్త అడిగితే కూడా మరమ్మత్తు అనే చెప్పాను."

"ఖాతా మూసేసినవాడి తలుపుకి కంపెనీ మరమ్మత్తు చేస్తుందా? అంత మంచివాళ్ళెవరయ్యా ఈ రోజుల్లో!"

బెనిల్డా దగ్గరికొచ్చి ఆ సుత్తి బొమ్మని కళ్ళు చిట్లించి చూసింది. "అమ్మాయ్, ఇట్లాంటి తలుపులు నీకూ ఉన్నాయా?"

"ఒకటుండేదండీ. క్లయింట్లు తమ సైట్ల తాళాలు నాకు అప్పగించడానికి పెట్టాను. నిరుడు మూసేశాను."

"మూశావా, తాళం వేశావా?"

"రెండూ ఒకటేగా," అంటూ నవ్వేసి, ఒదాలిస్ వీధిలోకి నడిచింది.

ఉర్దనేతా చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని హాయిగా ఊగడం మొదలుపెట్టింది. వెనకాలే బెనిల్డా, ఆ వెనక యాయిర్ వచ్చి నిలబడ్డారు.

"కథలు చెరపలేదు డాక్టరు గారూ. చోటు మార్చాడు, అంతే. కుర్రాడు అమాయకుడు."

"అమాయకుడా?" ఉర్దనేతా కుర్చీ ఆపేశాడు. "చోటు మార్చి ఏం చేశాడో మీకు తెలుసా? పెద్దావిడ తన తల్లి పెళ్ళి గురించి రాసుకుంటే, ఆ పేరు మీద కోడిపందాల పందెం కాయిస్తున్నాడు! ఈ వయసులో ఆవిడకి ఇదా గౌరవం? ఇంతకన్నా ద్రోహం ఉంటుందా?"

"కోళ్ళేమిటి?" అంది బెనిల్డా.

"కోళ్ళేమిటి?" అన్నాడు యాయిర్.

ఒదాలిస్ ఊగడం ఆపలేదు. ఇంతకుముందు ఇంకెక్కడికీ వెళ్ళలేదన్న మనిషి ఇప్పుడు ఈకలతో సహా వర్ణిస్తున్నాడు. ఇంట్లోవాళ్ళకేమో సుత్తి తప్ప ఇంకేమీ కనబడలేదు.

"దోన్యా బెనిల్డా, ఒకసారి మీ ఫోను ఇవ్వండి. కాదు, మీరే చెయ్యండి. చిరునామా టైప్ చెయ్యకండి. ఎవరో పెళ్ళికూతురు వెతికినట్టు మీ అమ్మగారి చెవిపోగుల కథ పేరు పెట్టి సెర్చ్‌లో వెతకండి. వచ్చినదాని మీద నొక్కండి."

బెనిల్డా నల్ల బొటనవేలితో ఓపిగ్గా నొక్కింది. తరవాత వీధి చివరిదాకా వినబడేలా కేక పెట్టింది.

"పుంజు! మా అమ్మ పెళ్ళి కథలో పుంజు! అది కూడా ఈకలూడిన పుంజు!"

చూశారందరూ. పైన బెనిల్డా రాసిన శీర్షిక, దాని కింద ఆమె మాటలే రెండు వరసలు, ఆ కింద ఎగిరి తన్నుకుంటున్న రెండు కోళ్ళు, ఇక్కడ నొక్కి పందెం కాయండి అని మెరిసే మీట.

"నేరుగా వచ్చేవాడికి సుత్తి, వెతుక్కుంటూ వచ్చేవాడికి కోడి," అంది ఒదాలిస్. "ఇంటివాళ్ళెప్పుడూ నేరుగానే వస్తారు కాబట్టి వాళ్ళకి ఎన్నటికీ తెలియదు. బయటివాళ్ళ దృష్టిలో మాత్రం ఇది బెనిల్డా గారి తలుపే. ఆవిడ దుకాణం పేరు ఉంది కదా అని నమ్మి లోపలికి వస్తారు. తెలివైన పనే."

"చెప్పాను కదా, ఈ కుర్రాడి పనే," అన్నాడు ఉర్దనేతా. "అందుకే తాళాలు నా చేతికి ఇమ్మంటున్నాను. సంతకం పెట్టండి దోన్యా. టైమవుతోంది."

బెనిల్డా కాగితం వైపు చూసింది, మేనల్లుడి వైపు చూసింది. యాయిర్ తల దించుకున్నాడు. ఒదాలిస్ ఇక ఆలస్యం చెయ్యదలుచుకోలేదు. లేచి వెళ్ళి వాడి చెవిలో గుసగుసగా ఒక్కమాట చెప్పింది. వాడు అర్థం కానట్టు చూసి, లోపలికి వెళ్ళి, నిమిషంలో తిరిగొచ్చి తలూపాడు.

"అయిపోయిందా? నీ ఫోను కూడా బల్ల మీద పెట్టు," అంది ఒదాలిస్. "డాక్టరు గారూ, ఆ పడవ పోతే ఇంకో పడవ ఉంటుంది గానీ, కాస్త కొరుక్కోండి, మా ఊరి జున్ను మీ ఊళ్ళో దొరకదు." బెనిల్డా తెచ్చిన పొరల జున్నుని ఆమె ఒక్కో పొరా విడదీస్తూ తీరిగ్గా తినసాగింది. ఉర్దనేతా గడియారం చూసుకున్నాడు. టై వదులు చేసుకున్నాడు. ఆమె మూడో పొర దగ్గర ఉండగా బల్ల మీద ఫోను కుయ్యిమంది.

యాయిర్ ఫోను కాదు, కాగితం మీద బరువు పెట్టిన ఫోను.

ఉర్దనేతా చెయ్యి చాపాడు. ఒదాలిస్ కళ్ళు చేతికన్నా చురుకైనవి. తెర మీద వెలిగిన మాటల్ని పైకే చదివింది. "కథలు, చుక్క, హిలో దె లూనా అనే పేరు మీ ఖాతా నుంచి తెగిపోయింది. దయచేసి మళ్ళీ కలుపుకోండి."

ఊగే కుర్చీ ఒకటి కిర్రుమని ఆగింది.

"అది... నేను మీ క్షేమం కోసం కాపలా పెట్టుకున్నాను," అన్నాడు ఉర్దనేతా.

"కాపలావాడికి ఈ కబురు రాదండీ. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళకే వస్తుంది. ఇందాక యాయిర్‌తో ఆ ఒక్క వరస చెరిపించాను. ఖాతా వాడిదే అయితే వాడి ఫోను మోగాలిగా? చూడండి, నిద్రపోతోంది." ఒదాలిస్ చేతులు తుడుచుకుంది. "వీడు ఖాళీ చేసి, పేరు బోర్డు పీకడం మరిచిపోయిన ఇంట్లోకి మీరు దూరారు. అదే కంపెనీలో కొత్త ఖాతా తెరిచి ఆ పేరు నాదే అంటే వాళ్ళు కాదనలేదు. కోళ్ళని పెంచుకున్నారు. అదీ చాలక, సాయం చేస్తానంటూ ఫోన్ చేసి దుకాణం మొత్తం రాయించుకోవడానికి వచ్చారు. వాసన తెలుస్తుందన్నారుగా, నిజమే, వాసన వస్తోంది."

బెనిల్డా ఫోను తీసి పక్కన పెట్టి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాంతో విసురుకోవడం మొదలుపెట్టింది. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"ఇలా రారా. నాకు గోడలో చోటు లేదని ఏడ్చావా?"

"ఏడవలేదు అత్తా."

"అబద్ధం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను." ఆమె వాడి తలని తన భుజానికి అదుముకుంది. "నిన్ను అనుమానించాను చూడు, నాకు బుద్ధి లేదు. దొంగవి కావురా నువ్వు, ఉత్త మతిమరుపు మాలోకానివి. నాకే తలుపూ వద్దు. నా కథలు నా గదిలోనే పెట్టు, దుకాణం పక్కనే. మీ అందరి గోల వినబడుతుంటేనే నాకు బాగుంటుంది."

"పాత చిరునామాలు అక్షరం మారకుండా పెట్టాలి," అంది ఒదాలిస్. "సెర్చ్‌లో మీరు మళ్ళీ పైకి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. అయినా వస్తారు."

ఉర్దనేతా ఫోను జేబులో వేసుకుని లేచాడు. ఓడిపోయినవాడి ముఖం కాదది. అందుకే ఒదాలిస్ నవ్వు కొంచెం తగ్గింది.

"పోలీసుల దగ్గరికి వెళ్ళే ముందు ఆలోచించుకోండి మేడం," అన్నాడు మెట్టు దిగుతూ. "మొంపోస్‌లో ఖాళీ ఇల్లు ఇదొక్కటే కాదు. మీరు నోరు మూసుకుంటే నేనూ మూసుకుంటాను."

అతను రేవు వైపు మలుపు తిరిగేదాకా ఒదాలిస్ అక్కడే నిలబడింది. తర్వాత ఒక్క అంగలో లోపలికి వెళ్ళి యాయిర్ కుర్చీలో కూర్చుని, నిరుడు మూసేసిన తన సొంత తలుపు పేరు టైప్ చేసింది. క్లయింట్లు, చుక్క, ఒదాలిస్ మెర్కాదో.

పసుపు రంగు మీద సుత్తి బొమ్మ. మరమ్మత్తు జరుగుతోంది, త్వరలో కలుద్దాం.

"అమ్మాయ్," అంది బెనిల్డా వెనకనుంచి, చాలా మెల్లగా. "తాళం వెయ్యలేదు కదూ?"

ఒదాలిస్ జవాబు చెప్పేలోగా జేబులో ఆమె ఫోను మోగింది. రేవు పక్క హోటల్ యజమాని దోన్ ఎఫ్రాయిన్, ఆమె పాత క్లయింటు. ఎప్పటిలాగే హుషారుగా, ఎదుటివాళ్ళని మాట్లాడనివ్వకుండా మొదలుపెట్టాడు.

"ఒదాలిస్, పొద్దున మెయిల్లో నువ్వు అడిగావు కదా, మా హోటల్ సైటు తాళాలన్నీ ఇప్పుడే నీ క్లయింట్ల పేజీలో పెట్టేశాను. అందాయా?"